పాత జీపు ఎయిర్ ఫిల్టరు – సంరక్షణ

మనుష్యుడు అన్నము లేక కొన్ని దినములు జీవింపగలడు. గాలి లేక కొన్ని నిమిషములైనను జీవింపలేడు. ఇంజను సంగతియు ఇట్టిదే. ఒక లీటరు పెట్రోలు చక్కగా మండవలెనన్న సుమారు 9,000 లీటర్ల గాలి కావలెను. పెట్రోలు ధరను గూర్చి నిత్యము చర్చించుకొను మనము ఈ గాలిని గూర్చి తలంపనే తలంపము. అది ఉచితముగా లభించుటయే ఇందులకు కారణము కాబోలు.

మన పల్లె బాటలలో గాలితోపాటు దుమ్మును లోనికి పోవజూచును. దుమ్ములోని ఇసుక రేణువులలో క్వార్ట్జు అను ఖనిజము ఎక్కువ. కాఠిన్యమును తెలుపు మోస్ మానమున దాని స్థానము 7. సిలిండరుకు వాడు పోత ఇనుముకంటె అది కఠినమైనది. ఈ రేణువులు ఆయిలుతో కలిసి, పిస్టను రింగులకును సిలిండరు గోడకును నడుమ చేరి, ఆకురాయివలె రెంటిని అరగదీయును. బిగువు సడలిన ఇంజనుకు బలము తగ్గును, పొగగొట్టమున నీలిపొగ వచ్చును, తుదకు బోరింగు చేయింపవలసి వచ్చును. జీపు నడుపుకొని బ్రతుకు కుటుంబమునకు మరమ్మతు ఖర్చు ఒక భారము. బండి షెడ్డులో ఉన్నన్నినాళ్లు రాబడి లేకుండుట మరియొక భారము.

మహీంద్రా వారు విల్లీస్ జీపులను మన దేశమున కూర్చుట ఆరంభించిరి. ఆ సంతతికి చెందిన పాత జీపులు పెక్కింటిలో కాగితపు ఫిల్టరుకు బదులు ఆయిలు గిన్నె గల ఎయిర్ క్లీనరు ఉండును. భౌతికశాస్త్రమున జడత్వమును చదివిన విద్యార్థికి దీని మర్మము సులభముగా బోధపడును. గాలి వేగముగా క్రిందికి దిగి, ఆయిలును సమీపించి, హఠాత్తుగా పైకి మరలును. తేలికయైన గాలి మరలగలదు. బరువైన రేణువు మరలలేక, మలుపులో బస్సు ప్రయాణికుడు ఒకవైపు ఒరిగినట్లు, తిన్నగా పోయి ఆయిలులో పడును. తప్పించుకొన్న సన్నని ధూళి పైనున్న తీగెల జల్లెడలో ఆయిలు తడికి అంటుకొని, ఆ ఆయిలుతోనే మరల గిన్నెలోనికి జారును.

దీనిని శుభ్రపరచు విధము కష్టమైనది కాదు. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, జల్లెడలోని ఆయిలు క్రిందికి దిగువరకు కొంతసేపు ఆగవలెను. మొదట పైనున్న దుమ్మును తుడిచి, పిమ్మట బిగింపు వదులుచేసి గిన్నెను ఒరగకుండ తీయవలెను. పాత ఆయిలును వేరొక డబ్బాలో పోసి, అడుగున పేరిన బురదను గీకి, గిన్నెను, విడదీయుటకు వీలైన జల్లెడను కిరోసినుతో కడిగి పూర్తిగా ఆరనీయవలెను. తరువాత ఇంజనుకు వాడు ఆయిలునే గిన్నెలోని గీత వరకు పోయవలెను. గీతకు తక్కువైనచో దుమ్ము నిలువదు. ఎక్కువైనచో ఆయిలు ఇంజనులోనికి పీల్చబడును. డీజిలు ఇంజను ఆ ఆయిలునే ఇంధనముగా గ్రహించి అదుపు తప్పి, తాళము త్రిప్పినను ఆగకపోవచ్చును. కావున బండి పల్టీ కొట్టినచో, ఈ గిన్నెను చూడక ఇంజనును స్టార్టు చేయరాదు.

ఎన్నాళ్లకొకసారి అను ప్రశ్నకు కిలోమీటర్లు మాత్రమే సమాధానము కావు. తారురోడ్డుపై తిరుగు బండికిని, క్వారీ దారిలో ఇంకొక లారీ వెనుక తిరుగు బండికిని ఒకే లెక్క చెల్లదు. దుమ్ము దారిలో నడచిన దినమున ఆ సాయంకాలమే గిన్నెను చూచుట మేలు.

కొందరు దీనిని తీసి కాగితపు ఫిల్టరు అమర్చుకొందురు. సన్నని ధూళిని ఆపుటలో కాగితమే మిన్న. కాని దాని నియమములు వేరు. దానిని పెట్రోలుతో కడుగరాదు, దానికి ఆయిలు పూయరాదు. గాలి కొట్టినచో తక్కువ ఒత్తిడితో లోపలినుండి వెలుపలికి కొట్టవలెను. లోపల దీపము నుంచి చూచినపుడు సూదిబెజ్జమంత వెలుగు కనిపించినను దానిని మార్చవలసినదే.

ఏ ఫిల్టరైనను, దానికిని ఇంజనుకును నడుమనున్న రబ్బరు గొట్టము పగిలినచో, క్లిప్పు వదులైనచో పడిన శ్రమ యంతయు వ్యర్థము. ముందు తలుపునకు తాళము వేసి దొడ్డిదారి తెరచి ఉంచిన ఇంటివలె, ఇంజను ఆ సందునుండి దుమ్మును పీల్చుకొనును.

మన ఊరి షెడ్డులోని మిస్త్రీ ఈ పని ఎరుగును. ఆ పనికి మూలమైన సూత్రమును అతనికి ఎవ్వరును చెప్పలేదు. మన విద్యార్థి జడత్వసూత్రమును ఒప్పజెప్పగలడు. పానా పట్టి ఆ గిన్నెను విప్పి యెరుగడు. ఈ ఇరువురును ఒక పూట కలిసి కూర్చుండిన చాలును, ఇరువురకును లాభమే. కళాశాల కార్యవర్గము వారు తలంచినచో ఒక పాత జీపు, ఒక కిరోసిను డబ్బా, ఒక అనుభవశాలి మిస్త్రీ ఈ పాఠమునకు సరిపోవును. అట్టి పాఠమును తెలుగులోను ఉర్దూలోను చెప్పుకొనుటకు మనకు భాషలు రెండును కలవు.