పాయింట్ 22 రైఫిల్: బాగుచేసుకోవడం ఎంతవరకు?

వేరుశనగ కాయ ఊరే వేళ అడవిపందుల మంద ఒక్క రాత్రి పడితే చాలు, తెల్లారేసరికి చేను నాగలితో దున్నినట్టు ఉంటుంది. అలాంటి పొద్దున ఎవరో ఒకరు అంటారు: "మావాళ్ల దగ్గర పాయింట్ 22 రైఫిల్ ఉంది, కాస్త బాగుచేయిస్తే పందికి సరిపోద్ది" అని. ఆ మాట నమ్మేముందు ఈ తుపాకి సంగతి తెలుసుకోండి.

ఇది ఎలా పనిచేస్తుంది?

పాయింట్ 22 తూటాకు మందు అంటించే రసాయనం అడుగు అంచులో ఉంటుంది. తుపాకిలోని సూది ఆ అంచును కొడితే తూటా పేలుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. దీని సీసపు గుండు బరువు సుమారు రెండున్నర గ్రాములే. 50 మీటర్ల దూరంలో కాగితం గుర్తును కొట్టడానికి దీనికి సాటి లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ జిల్లాకు చెందిన స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది ఈ తరహా రైఫిల్‌తోనే.

అయితే పంది సంగతి వేరు. దాని తోలు మందం, భుజం దగ్గర కొవ్వు మరీ మందం. ఈ చిన్న గుండుతో అది చావదు, గాయపడుతుంది. గాయపడిన పంది మనిషి మీదికే వస్తుంది. గురి తప్పిన గుండు మైలు దాటి పోగలదు. రాయికో నీటికో తగిలితే పక్కకు మళ్లుతుంది. పక్క చేలో కాపలా పడుకున్నది మీ తమ్ముడే కావచ్చు.

లైసెన్సుదారు చేసుకోగల పనులు

1. ముందు తుపాకి ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.
2. గొట్టాన్ని వెనక వైపు నుంచి శుభ్రం చేయండి. ముందు నుంచి కడ్డీ దూరిస్తే మూతి అంచు అరిగి గురి చెడుతుంది. నూనె పలచగా రాసి, ఎక్కువైంది తుడిచేయండి.
3. గొట్టాన్ని కర్రకు పట్టి ఉంచే మరలు వదులైతే గుండ్లు చెదురుతాయి. వాటిని బిగించి చూడండి.
4. గురి కుదరకపోతే తుపాకిని తప్పుపట్టకండి. రకరకాల తూటాలతో క్లబ్బు రేంజిలో ఐదేసి కాల్చి చూడండి. ఏ రకం దగ్గరదగ్గరగా పడితే అదే మీ తుపాకికి సరిపడేది.
5. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కకండి. చాలా రైఫిళ్లలో సూది గొట్టం అంచుకే తగిలి గంటు పడుతుంది.
6. తుపాకి ఒకచోట, తూటాలు ఇంకోచోట తాళం వేసి ఉంచండి.

అసలు చేయకూడనివి

ట్రిగ్గర్ తేలిక చేయాలని లోపలి కొక్కెం అరగదీస్తే, తుపాకి కిందపడినా పేలవచ్చు. గొట్టం కోయడం, రంధ్రం పెద్దది చేయించడం ఊరి కొలిమిలో చేసే పనులు కావు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి మార్చడం, గొట్టం పొట్టి చేయడం నేరం. 2019 సవరణ తర్వాత దీనికి ఏడేళ్లకు తగ్గని జైలు. మరమ్మతు ఏదైనా లైసెన్సున్న దుకాణంలోనే చేయించి, రసీదు దాచుకోండి.

చట్టం ఏమంటోంది?

ఇదే చట్టంలో పాయింట్ 22 రైఫిల్‌ను గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధనకు వాడేదిగా చెప్పారు. పంట కాపలాకు చెప్పింది మూతి నుంచి మందు కూరే తుపాకి. అది చాలదని అధికారి భావిస్తే గొట్టంలో మెలికలు లేని వేరే తుపాకికి అనుమతి ఇవ్వవచ్చు. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు వచ్చినట్టు కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద పంటకు ప్రమాదమని చూపితే ఆ అధికారం ఉన్నవారు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి.

మరి చేనుకు దిక్కేమిటి?

వేరుశనగ చుట్టూ మూడు నాలుగు సాళ్లు కుసుమ దగ్గరగా వేయండి. దాని ముళ్లకు పందులు వెనక్కి తగ్గుతాయి. మొక్కజొన్న చుట్టూ ఆముదం సాళ్లు వేస్తే వాసన మారి పంట జాడ తొందరగా తెలియదు. నలుగురు రైతులు కలిస్తే సోలార్ కంచె ఖర్చు పంచుకోవచ్చు. కరెంటు తీగ మాత్రం వేయకండి. దానికి పంది ఎవరో, ఇంటి మనిషి ఎవరో తెలియదు.

నష్టం జరిగిన రోజే చేను ఫొటో తీయించి, అటవీ రేంజి కార్యాలయంలో, వ్యవసాయ అధికారికి అర్జీ ఇవ్వండి. పోయిన పంట మళ్లీ ఏడు పండించుకోవచ్చు. చేజారిన గుండును మాత్రం వెనక్కి పిలవలేం.