పుస్తకం వేయించకండి, కుట్టనివ్వండి

హాలియా, మిర్యాలగూడ, కోదాడ వైపు తల్లిదండ్రుల నోట ఈ మధ్య రెండు మాటలు వింటున్నాను. ఒకటి పాతదే: "బొమ్మలు కూడు పెడతాయా సార్?" ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చి, రంగు పెన్సిళ్లు అటకెక్కించేవాళ్ల మాట ఇది. రెండోది కొత్తగా వచ్చింది: "మా పాప కథలు బాగా చెప్తుంది. పుస్తకం వేయిస్తే ముందుముందు పనికొస్తుందా?" మొదటి మాట పిల్లల ఉత్సాహాన్ని నీరుగారుస్తుంది, రెండోది నాన్న జేబు ఖాళీ చేస్తుంది. కథల పుస్తకం ఎలా తయారవుతుందో ఇంట్లో ఎవరూ చూసి ఉండకపోవడమే రెండింటికీ మూలం.

ముందు రెండోదాని సంగతి చూద్దాం. 'బాల రచయిత' ప్యాకేజీలు పట్నం నుంచి మన ఊళ్ల వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చేశాయి. పిల్ల రెండు పేజీలు రాసిస్తుంది. ఎవరో దాన్ని ఇంగ్లిషులోకి తిరగరాస్తారు. బొమ్మలు కంప్యూటర్ గీసిపెడుతుంది. కొన్ని కాపీలు, ఒక మెడల్, స్టేజి మీద ఫొటో, దానికో బిల్లు. ఆ బిల్లులో ఐఎస్‌బీఎన్ నంబరుకు కూడా రుసుము రాస్తారు. మన దేశంలో ఆ నంబరును రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. అయినా నా కోపం డబ్బు గురించి కాదు. తన పేరున్న పుస్తకంలో తను రాయని వాక్యాలు, తను గీయని బొమ్మలు చూసుకున్న పిల్ల, తనకు చేతకానిదాన్ని పెద్దలు డబ్బిచ్చి సరిచేశారనుకుంటుంది. తర్వాత మళ్లీ కలం పట్టదు.

పిల్లల పుస్తకం ఏనాడూ ఒక్కరి పని కాదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామ పత్రికనే తీసుకోండి. ఎవరో పంపిన కథను 1952 నుంచి కొడవటిగంటి కుటుంబరావు చక్కదిద్దేవారు. ఏ ఘట్టానికి బొమ్మ పడాలో తేల్చాక చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య లాంటివాళ్లు కుంచె పట్టేవారు. ఆ తర్వాత కంపోజింగ్, ప్రూఫులు, బ్లాకులు, అచ్చు, బైండింగ్. ఇవన్నీ చేసినవాళ్లు ఆ పని మీదే ఇల్లు నడుపుకున్నారు. కాబట్టి 'రచయిత అవుతావా, ఆర్టిస్టు అవుతావా' అని పిల్లల్ని నిలదీయడం తప్పు ప్రశ్న. ఈ పనుల్లో దేనిమీద వాళ్ల చెయ్యి ఆగుతుందో చూడాలి.

అది చూడ్డానికి ఖర్చేం లేదు. నాలుగు తెల్ల కాగితాలు మధ్యకు మడిచి, మడత మీద సూదీ దారంతో కుట్టండి. పదహారు పేజీలొస్తాయి. ప్రెస్సులో కూడా పెద్ద షీటు మీద అచ్చేసి ఇలాగే మడుస్తారు. అందుకే బొమ్మల పుస్తకాలు తరచూ 16, 24, 32 పేజీల్లో ఉంటాయి. ఇప్పుడు కథ. అంగట్లో మేకపిల్ల తప్పిపోయింది. 'అవ్వ అంతటా వెతికింది' అని రాసి, బొమ్మలోనూ అవ్వ వెతుకుతున్నట్టే గీస్తే కథ చప్పబడుతుంది. అదే బొమ్మలో అవ్వ వెనకున్న కూరగాయల గంపలోంచి రెండు చెవులు కనిపిస్తే? అక్షరాలు చెప్పనిది బొమ్మ చెప్పేసింది, చదివే పిల్ల "అదిగో!" అని అరుస్తుంది. ఆ బొమ్మ ఎడమ పేజీలో పెట్టాలా, పేజీ తిప్పాక పెట్టాలా అన్న తర్జనభర్జనే ఎడిటింగ్. ఇంత పెద్ద పాఠం ఏ కోచింగ్ సెంటరూ చెప్పదు.

చూపించడానికి మనకు దూరాభారం కూడా లేదు. సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియానికి తీసుకెళ్లండి. ఇక్ష్వాకుల కాలపు శిల్పులు బుద్ధుడి కథల్ని రాతి పట్టీ మీద వరసగా చెక్కి, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య జంట బొమ్మలతో అడ్డం పెట్టారు. పేజీ విభజన అంటే ఏమిటో పిల్లలకు అక్కడ ఇట్టే అర్థమవుతుంది. సెలవుల్లో చేర్యాల వెళ్తే నకాషీ పటం మీద కథ పై నుంచి కిందికి ఎలా నడుస్తుందో చూడొచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. అక్కడి బొమ్మలు తీసుకుని కొత్త కథ కూడా అల్లుకోవచ్చు.

ఇక మొదటి మాట, బతుకుదెరువు సంగతి. చందమామ రోజుల్లోలా నెల జీతమిచ్చి చిత్రకారుల్ని పెట్టుకునే పత్రికలు ఇప్పుడు తక్కువ. మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి సంస్థలు పుస్తకానికింత అని ఇస్తాయి. ఒక్క బొమ్మల పుస్తకాల మీదే ఇల్లు గడవడం కష్టం. పాఠ్యపుస్తకాలు, పేజీ డిజైన్, అనువాదం, ఎడిటింగ్, బడిలో ఆర్ట్ టీచరు పని, వీటిలో ఒకటి తోడుండాలి. తెలుగు తప్పుల్లేకుండా రాస్తూ, ఇన్‌డిజైన్‌లో పేజీ పెట్టగలిగిన కుర్రాడు దొరకడం పబ్లిషర్లకు కష్టమే. నేనైతే అటే నడవమంటాను.

చదువుకు నా మొదటి ఓటు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో నాలుగేళ్ల బీఎఫ్ఏకి. ఇంటర్ పాసై, ప్రవేశ పరీక్షలో సీటు తెచ్చుకుంటే చాలు. అమరావతి ఎన్ఐడీ, ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్ మంచివే, కానీ ఫీజులు లక్షల్లో ఉంటాయి. స్కాలర్‌షిప్ లెక్క చూసుకున్నాకే అటు వెళ్లండి. ఈ పరీక్షలకు తొమ్మిదో తరగతి నుంచే కోచింగ్ అనేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపేయండి. ఒకే రకం బొమ్మ వందసార్లు గీయించి, ఉన్న సొంత చూపు కూడా పోగొడతారు. 'ప్లేస్‌మెంట్ గ్యారెంటీ' యానిమేషన్ సంస్థలకు అడ్వాన్సు కట్టే ముందు, నిరుడు చదివినవాళ్లు ముగ్గురితో ఫోన్‌లో మాట్లాడించమనండి. తప్పించుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

పని మొదలుపెట్టిన యువతకు ఒక మాట. ఒప్పందం ఎన్నేళ్లకో చదవకుండా సంతకం పెట్టొద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కుల బదిలీ పత్రంలో కాలవ్యవధి రాయకపోతే ఆ బదిలీ ఐదేళ్లకే. 'శాశ్వతంగా' అని రాసిస్తే మాత్రం మీ బొమ్మ మీది కాదు.

తల్లిదండ్రులకు చెప్పేది చిన్నదే. పదో తరగతి దాటేదాకా దీన్ని కెరీర్ అనకండి, పోటీలకు తోలకండి, పక్కింటి పిల్లతో పోల్చకండి. ఇంటర్లో చేరేనాటికి బిడ్డ తనంతట తాను ఐదారు పుస్తకాలు కుట్టుకుని ఉంటే, వాటిని పట్టుకుని రండి, కాలేజీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. రెండింటితో ఆపేసినా దిగులొద్దు, చదివే అలవాటైనా మిగులుతుంది. ఇంజినీరింగ్ చదివినా అది పనికొస్తుంది.