కోనసీమలో సాంత్వన శునకాల ఆరోగ్యార్హతలు - వరదనీటి దృష్ట్యా ఒక పరిశీలన

రోగులను, వృద్ధులను పలకరించి వారికి ఊరట కలిగించడానికి యజమాని వెంట వచ్చే పెంపుడు జంతువును సాంత్వన జంతువుగా వ్యవహరిస్తారు. అంధులకు దారి చూపే శిక్షిత శునకం ఒక్కరికే సేవ చేస్తుంది. సాంత్వన జంతువు మాత్రం అనేకులను తాకుతుంది, అనేకుల చేత తాకించుకుంటుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బోరిస్ లెవిన్సన్ 1962లో ప్రచురించిన వ్యాసంతో ఈ విధానం శాస్త్రచర్చకు వచ్చింది. పిల్లలు గల్ఫ్ దేశాలకో హైదరాబాదుకో వెళ్ళిపోగా ఒంటరిగా మిగిలిన పెద్దలు రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాలలో కొల్లలుగా కనిపిస్తారు. వారికి ఇటువంటి పలకరింపు విలువైనదే. అయితే మధుమేహంతోనో, మూత్రపిండాల వ్యాధితోనో బాధపడే వృద్ధుని చెంతకు చేర్చే శునకం విషయంలో 'టీకాలు వేయించాము' అన్న ఒక్క మాట చాలదు.

ఆరోగ్యంగా కనిపించే జంతువు రోగకారకాలను మోయగలదనడానికి కెనడాలోని ఒంటారియోలో జరిగిన అధ్యయనం మంచి నిదర్శనం. ఆసుపత్రులను సందర్శించే 102 శునకాలను పరీక్షించగా, సుమారు 80 శాతం శునకాలలో మనుషులకు సోకగల సూక్ష్మజీవి ఏదో ఒకటి బయటపడింది. ఆసుపత్రులను సందర్శించే జంతువుల కోసం ఉత్తర అమెరికా నిపుణులు 2008లో మార్గదర్శకాలు ప్రచురించారు. వాటి ప్రకారం శునకం వయస్సు కనీసం ఒక సంవత్సరం ఉండాలి, రెండేళ్ళు నిండితే మరీ మంచిది. అది కనీసం ఆరు నెలలుగా ఒకే ఇంట పెరుగుతూ ఉండాలి. గత 90 రోజులలో పచ్చి మాంసం తిని ఉండరాదు. చేపల వ్యర్థాలు చెరువు గట్ల మీద సులభంగా దొరికే కోనసీమలో ఈ చివరి నియమాన్ని పాటింపజేయడం కష్టం. వీధిలో స్వేచ్ఛగా తిరిగే కుక్క ఏమి తిన్నదో యజమాని కూడా చెప్పలేడు. కాబట్టి కట్టుబాటులో పెరిగే కుక్కలనే ఎంపిక చేయవలసి ఉంటుంది.

కోనసీమకు ప్రత్యేకమైన సమస్య నీటితో ముడిపడి ఉంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న ఈ ప్రాంతంలో పంట కాలువలు, బోదెలు, మురుగు డ్రెయిన్లు ఇంటి వెనుకనే ప్రవహిస్తాయి. కొబ్బరి తోటలలో ఎలుకలకు కొదువ లేదు. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి నుండి, బురద నుండి లెప్టోస్పైరా బ్యాక్టీరియా చర్మంపై గాయాల ద్వారా, మెత్తని పొరల ద్వారా శునకంలో ప్రవేశిస్తుంది. వ్యాధి సోకిన శునకం కోలుకున్న తరువాత కూడా, ఒక్కొక్కసారి ఏ లక్షణమూ చూపకుండానే, వారాల నుండి నెలల వరకు మూత్రంలో ఈ క్రిమిని విడుదల చేస్తుంది. మనుషులలో ఎలుక జ్వరంగా పిలిచే ఈ వ్యాధి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2022 జూలైలో గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తినప్పటి వంటి పరిస్థితిలో, జనవరిలో ఇచ్చిన ఆరోగ్య ధృవపత్రానికి ఆగస్టులో ఎంత విలువ ఉంటుందో పశువైద్యులు ఆలోచించవలసి ఉన్నది.

లెప్టోస్పైరోసిస్ టీకాను తొలిసారి రెండు నుండి నాలుగు వారాల వ్యవధితో రెండు మోతాదులుగా వేసి, ఆపై ఏటా ఒకసారి వేయాలి. ఈ టీకా అందులో చేర్చిన సీరోవార్లకే ప్రధానంగా రక్షణ ఇస్తుంది, కనుక టీకా పొందిన కుక్క కూడా ఇతర సీరోవార్ల వాహకం కాగలదు. టీకా వలన ఏర్పడిన ప్రతిరక్షకాలు రక్తపరీక్ష ఫలితాన్ని తికమక పెడతాయి. అందువలన రెండు నుండి నాలుగు వారాల వ్యవధితో తీసిన జంట రక్త నమూనాలకు తోడు మూత్రానికి పీసీఆర్ పరీక్ష చేయించడం మేలు. క్రిమి మూత్రంలో విడతలుగా వెలువడుతుంది గనుక ఒక్కసారి రాని ఫలితాన్ని తుది తీర్పుగా స్వీకరించరాదు. వరదనీటిలో తిరిగిన శునకాన్ని కనీసం మూడు వారాలు సందర్శనలకు దూరంగా ఉంచి, పరీక్షల తరువాతనే తిరిగి అనుమతించడం ఇక్కడి పరిస్థితులకు తగిన నియమం.

రేబిస్ టీకాకు మినహాయింపు ఉండదు. తొలి టీకా మూడు నెలల వయస్సులో, తరువాత బూస్టరు, ఆపై ఏటా ఒకటి వేయించాలి. టీకాను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ ఉంచారో లేదో చూడాలి. కరెంటు కోతలుండే గ్రామాలలో ఇది చిన్న విషయం కాదు. ఇసుక నేలల్లో కొంకి పురుగులు, తేమ వాతావరణంలో తామర, పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీషియా వ్యాధి సాధారణం. మల పరీక్ష, చర్మ పరీక్ష, పిడుదుల నివారణ నిర్ణీత కాలంలో జరుగుతూ ఉండాలి.

ఆరోగ్యం ఎంత బాగున్నా స్వభావం అనుకూలించకపోతే శునకం పనికిరాదు. చేతికర్ర చప్పుడు, చక్రాల కుర్చీ, అకస్మాత్తుగా కౌగిలించుకొనే పిల్లలు, కింద పడిన మాత్ర - వీటన్నిటి ఎదుట దాని ప్రవర్తనను గమనించాలి. పదేపదే ఆవులించడం, పెదవులు నాకడం, ముఖం తిప్పుకోవడం అలసట, అసహనాల సూచనలు. జాతిని బట్టి అర్హత నిర్ణయించడం సరికాదు. పైగా పొట్టి ముక్కు గల పగ్ వంటి జాతులు రోహిణి కార్తె ఉక్కలో త్వరగా సొమ్మసిల్లుతాయి. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు రొప్పడం ద్వారా శరీరం చల్లబడడం కష్టమవుతుంది గనుక వేసవిలో ఉదయపు వేళ, గంటకు మించని సందర్శనే తగినది. చక్కని శిక్షణ పొందిన మన ఊరకుక్క ఈ వాతావరణానికి మెరుగ్గా తట్టుకొంటుందన్నది విస్మరించరాని విషయం.

తెరచి ఉన్న పుండ్లు, డయాలిసిస్ గొట్టాలు ఉన్నవారిని, ప్లీహం తొలగించబడినవారిని శునకం నాకకుండా చూడాలి. తాకడానికి ముందూ తరువాతా చేతులు కడుక్కోవాలి. కరచినా, గీరినా, గాయాన్ని నాకినా ఆ చోటును సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే వైద్యుని వద్దకు పంపాలి. కుక్కకు టీకా ఉన్నదన్న కారణంతో మనిషికి ఇవ్వవలసిన రేబిస్ నివారణ చికిత్సను ఆలస్యం చేయరాదు. ఆ శునకాన్ని పది రోజులు పరిశీలనలో ఉంచి, ఆ కాలమంతా సందర్శనలకు దూరంగా ఉంచాలి.