రక్త మూలకణాలు: ఆనవాలు పట్టేదెలా?

నంద్యాల, ఆళ్లగడ్డలలో పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న అభ్యర్థులు జీవశాస్త్రంలో తప్పక చదవాల్సిన అంశమిది.

• ఎర్ర, తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు అన్నింటికీ మూలం ఎముక మజ్జలోని రక్త మూలకణాలే. వీటి ఉనికికి 1961లో ప్రయోగాత్మక ఆధారం చూపినవారు టిల్, మెకల్లాక్ (కెనడా).

• సూక్ష్మదర్శినిలో ఇవి లింఫోసైట్లలాగే కనిపిస్తాయి. అందుకే కణ ఉపరితల ప్రొటీన్లను గుర్తులుగా తీసుకుంటారు. వాటికి అతుక్కునే యాంటీబాడీలకు మెరిసే రంగు జోడించి, ఫ్లో సైటోమెట్రీతో కణాలను వేరుచేస్తారు.

• ఈ గుర్తుల పేర్లలో వచ్చే సీడీ అంటే క్లస్టర్ ఆఫ్ డిఫరెన్షియేషన్.

• మనుషుల రక్త మూలకణాలపై సీడీ34 ఉంటుంది, సీడీ38 దాదాపు ఉండదు. ఎలుకల మూలకణాలపై సీడీ150 ఉంటుంది, సీడీ48 ఉండదు (2005, మోరిసన్ బృందం).

• గుర్తుంచుకోండి: సీడీ34 ఒక్కటే చాలదు. మూలకణాల నుంచి పుట్టిన పూర్వగామి కణాలపైనా అది ఉంటుంది.

• ఉపయోగం: లుకేమియా, తలసేమియా చికిత్సలో మూలకణ మార్పిడికి ముందు సీడీ34 కణాలను లెక్కిస్తారు.

• తెలుగు బంధం: భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ ప్రయోగశాల బృందం అందించిన మెథోట్రెక్సేట్ మందును, మార్పిడి తర్వాత దాత కణాలు రోగి శరీరంపై దాడి చేయకుండా వాడతారు.

మాదిరి ప్రశ్న: రక్త మూలకణ మార్పిడిలో లెక్కించే సూచిక ఏది?
1) సీడీ4 2) సీడీ8 3) సీడీ34 4) సీడీ19
జవాబు: 3