పంట సాయం ఎవరిది?



2025 అక్టోబరు చివరి వారంలో మొంథా తుఫాను కోస్తాలో తీరం దాటింది. అయితే దాని వాన మన ఓరుగల్లు ప్రాంతాన్ని ముంచింది. అక్టోబరు 29న హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. పత్తి పగిలి ఏరడానికి సిద్ధంగా ఉన్న రోజులవి. వరి కోతకు వచ్చిన రోజులవి. ముఖ్యమంత్రి వచ్చి చూసి వెళ్లారు. పంట నష్టానికి ఎకరాకు 10,000 రూపాయలు, నీట మునిగిన ఇంటికి 15,000 రూపాయలు, ప్రాణం పోయిన కుటుంబానికి 5 లక్షలు ఇస్తామన్నారు. ఆ డబ్బు చాలుతుందా లేదా అన్న సంగతి మన ఊళ్లలో అందరూ మాట్లాడుకున్నదే. నేను ఈ వారం మీ ముందు పెట్టదలచినది మరొక ప్రశ్న. పంట సాయం వచ్చినప్పుడు అది ఎవరిది? భూమి ఎవరి పేర ఉందో వారిదా, పంట ఎవరు వేశారో వారిదా?

ముందు ఆ సాయం ఎటువంటిదో తెలుసుకుందాం. మనం దానిని నష్టపరిహారం అంటాము. ప్రభుత్వ కాగితాలలో మాత్రం అది సహాయం. రాష్ట్ర విపత్తు నిధికి మన వంటి రాష్ట్రాలలో నూటికి 75 రూపాయలు కేంద్రం, 25 రూపాయలు రాష్ట్రం జమచేస్తాయి. 2022 నుండి 2026 వరకు అమలు కావలసినవిగా కేంద్రం నిర్ణయించిన కొలతల ప్రకారం, పంట 33 శాతానికి తక్కువ కాకుండా పోయినప్పుడే సహాయం. వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000. ఎకరాల్లో లెక్కవేస్తే మెట్టకు 3,440, తరికి 6,880 రూపాయలు దాటవు. అదీ రెండు హెక్టార్ల వరకే. దీనికి పెట్టుబడి రాయితీ అని పేరు. ఆ పేరులోనే దాని ఉద్దేశం ఉన్నది. పోయిన పంట విలువ కట్టి ఇచ్చే డబ్బు కాదది, రైతు మళ్లీ దుక్కి దున్ని విత్తనం వేసుకోవడానికి ఇచ్చే చేయూత. మన రాష్ట్ర ప్రభుత్వాలు కొంతకాలంగా ఎకరాకు 10,000 అంటున్నాయంటే కేంద్రం కొలతకు మించి తామే కలుపుతున్నాయన్నమాట. అది మెచ్చుకోదగినదే.

మళ్లీ విత్తనం వేయడానికి ఇచ్చే డబ్బు విత్తనం వేసేవానికి చేరాలి గదా! ఇక్కడే చిక్కు ఉన్నది. జాబితా పట్టాదారు పాసు పుస్తకం చూసి తయారవుతుంది. డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది. 2018లో మొదలైన రైతుబంధు కూడా ఇదే దారిలో నడిచింది. 2023 మార్చిలో వడగండ్ల వాన మక్కజొన్నను నేలమట్టం చేసినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి మన వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం అడవిరంగాపురం వచ్చి చూశారు. ఆ పర్యటనలోనే ఎకరాకు 10,000 ప్రకటిస్తూ, కౌలు రైతులను కూడా ఆదుకుంటామన్నారు. మాట మంచిదే. కాని కౌలు రైతు ఎవరో చెప్పే కాగితం లేనప్పుడు ఆ మాటను మండల ఆఫీసులో ఎవరు ఎలా అమలు చేయగలరు?

కాగితం ఎందుకు లేదన్నది పాత కథ. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం దున్నేవానికి రక్షిత కౌలుదారు హక్కు ఇచ్చింది. న్యాయమైన చట్టమది. అయితే ఆనాటి నుండి భూమిగలవారిలో ఒక భయం నాటుకుపోయింది: కౌలు కాగితం రాసిస్తే భూమి పోతుందని. ఆ భయం పోగొట్టడానికి 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారుల చట్టం తెచ్చారు. భూమి హక్కుకు భంగం లేకుండా కౌలుదారుకు ఏడాదికొక రుణ అర్హత కార్డు ఇవ్వాలని దాని ఉద్దేశం. తెలంగాణ వచ్చాక ఆ కార్డులు మరుగున పడ్డాయి. పైగా 2020లో మన రాష్ట్రం కేంద్ర పంటల బీమా పథకం నుండి తప్పుకున్నది. కనుక ఆ ఆదరువు కూడా లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కొత్త చట్టం చేసి, పదకొండు నెలల ఒప్పందంతో కౌలుదారులకు కార్డులు ఇస్తున్నారు. అక్కడ కూడా పట్టాదారు సంతకం పెట్టనిదే కార్డు రాదు గనుక, అక్కడి భయం అక్కడే ఉన్నది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఒక కౌలు రైతు మూడెకరాల్లో పత్తి వేశాడనుకుందాం. ఎకరాకు కౌలు 15,000, పెట్టుబడి 30,000 అనుకుందాం. తుఫానుకు పంటంతా పోయింది. అతనికి పోయినది పెట్టుబడి 90,000, కౌలు 45,000, మొత్తం లక్షా ముప్పై అయిదు వేలు. ఇంటిల్లిపాది చేసిన కష్టం ఈ లెక్కలో లేదు. సాయం 30,000 పట్టాదారు ఖాతాలో పడింది. ఆయన దానిని ఉంచుకొని, కౌలు కూడా పూర్తిగా తీసుకుంటే, గింజ పండని భూమి మీద ఆయనకు 75,000 చేతికందింది. విత్తినవానికి మిగిలింది విత్తనాల షాపులో బాకీ, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ. 1997-98లో మన జిల్లా పత్తి రైతుల ఇళ్లలో ఏం జరిగిందో పెద్దవారికి జ్ఞాపకం ఉంటుంది. ఆనాడు పురుగు పంటను తిన్నది. తరువాత షాపుల అప్పు మనుషులను తిన్నది.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకునేటప్పుడు న్యాయాన్ని రెండు విధాలుగా విభజించి నేర్పుతారు. అరిస్టాటిల్ చెప్పాడు, పునీత తోమాసు అక్వినాసు గారు విస్తరించారు. సమాజం తన సొత్తును సభ్యులకు తగినట్లు పంచడం పంపిణీ న్యాయం. ఒక మనిషి మరొక మనిషికి రావలసింది చెల్లించడం వినిమయ న్యాయం. ప్రభుత్వం ఎకరాకు 10,000 ఇవ్వడం మొదటిది. ఆ డబ్బు పొరపాటు చిరునామాకు వచ్చిందనుకోండి, అంతటితో అది రెండవ దాని కిందకు వస్తుంది. పొరుగువాని ఉత్తరం మన ఇంటికి వస్తే ఏం చేస్తాం? కనుక పంట సాయాన్ని కౌలుదారుకు ఇచ్చే పట్టాదారు దానధర్మం చేయడం లేదు, బాకీ తీరుస్తున్నాడు. ఉంచుకుంటే అది ఏడవ ఆజ్ఞకు సంబంధించిన విషయం. పాపసంకీర్తనంలో చెప్పుకుంటే సరిపోదు, తిరిగి చెల్లించాలి.

ఇది చదివి కొందరికి కోపం రావచ్చు. పట్టాదారులందరూ ధనవంతులు కారన్నది నిజమే. రెండెకరాల కౌలు మీదనే బ్రతుకుతున్న వితంతువులు మన విచారణలలో ఉన్నారు. భూమిలో ఇసుక మేటలు వేసి చేను చేనే పాడైన వారూ ఉన్నారు. 2023 జూలై 27 వరదలో భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచెత్తి, జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ రోజుకు ముందు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు 8 మందిని తీసుకుపోయింది. అంతటి వరద పంటతో ఆగదు, భూమిని కూడా తీసుకుపోతుంది. అందుకే విడదీసి చూడమంటున్నాను. మూడంగుళాలకు మించి ఇసుక, ఒండ్రు పేరుకుంటే తీయించడానికి కేంద్రం కొలతలలో హెక్టారుకు 18,000 వేరుగా ఉన్నది. అది నేలకు జరిగిన నష్టం కనుక నేలగలవారిదే. పంటకు వచ్చినది పంట వేసినవారిది. ఇక కౌలు సంగతి: ఆపద వలన పంట పూర్తిగా పోయినప్పుడు కౌలుదారు కౌలు తగ్గింపు కోరవచ్చునని పూర్వపు రోమను న్యాయశాస్త్రం సైతం ఒప్పుకున్నది. సగమా, పావలా భాగమా అన్నది ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోవలసినది. ఆ వితంతువు విషయంలో నేనైతే కౌలు తగ్గించమని బలవంతపెట్టను.

పట్నంలో ఇదే కథ అద్దె ఇళ్ల దగ్గర జరుగుతుంది. హంటర్ రోడ్డు వైపు ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ 2023లో మునిగాయి, 2025లోనూ మునిగాయి. ఇంటి నంబరు చూసి 15,000 ఇస్తే, ఆ ఇంట్లో రెండు వాటాల్లో అద్దెకున్న కుటుంబాల మాటేమిటి? తడిసిన బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు ఎవరివో వారికే ఆ డబ్బు.

బ్యాంకు అప్పు ఉన్నవారికి ఒక మాట. రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాలలో, పంట 33 శాతం నుండి 50 శాతం వరకు పోతే పంట రుణం గడువు రెండేళ్ల వరకు, అంతకు మించితే అయిదేళ్ల వరకు పొడిగించే వీలు కల్పించింది. అందులో మొదటి ఏడాది వాయిదా కట్టనక్కరలేదు. అప్పటికే బకాయి పడిన అప్పుకు ఇది వర్తించదు. మేనేజరు తనంతట తాను పిలిచి చెబుతాడని కూర్చోకండి. అడగండి. బ్యాంకు అప్పు పుట్టని కౌలు కుటుంబాలకు మాత్రం మహిళా సంఘాలే దిక్కు. 2018 వరదల తరువాత కేరళ ప్రభుత్వం కుటుంబశ్రీ సంఘాల ద్వారా లక్ష రూపాయల వరకు అప్పు ఇప్పించి, వడ్డీ తానే భరించింది. మన సంఘాలు కేరళ సంఘాలకు తీసిపోయినవి కావు. అడిగేవారు లేక ఇక్కడ అటువంటిది జరగలేదని నా అభిప్రాయం.

వ్యవసాయ విస్తరణ అధికారి ప్రతి పంటకాలంలో పంట నమోదుకు వస్తారు. కౌలుకు చేసేవారు ఆనాడు చేను దగ్గర ఉండి తమ పేరు రాయించుకోవాలి. నష్టం జరిగాక సర్వేకు వచ్చినప్పుడు కూడా అంతే. నీళ్లు తీయకముందే ఫోను తోనైనా ఒక ఫోటో తీసుకోండి. జాబితాను పంచాయతీ దగ్గర అంటిస్తే చదవండి, పేరు లేకపోతే వెంటనే అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఉగాది తరువాత వచ్చే ఏడాదికి కౌళ్లు మాట్లాడుకుంటారు. ఈసారి తెల్లకాగితం మీద కౌలు రేటుతో పాటు మరి రెండు వాక్యాలు రాసుకోండి: ప్రభుత్వం నుండి పంటకు వచ్చే సాయం ఏదైనా పంట వేసినవారికి చెందుతుంది, పంట పూర్తిగా పోతే కౌలులో ఇంత భాగం తగ్గుతుంది. పదకొండు నెలల గడువు వేసి, భూమి హక్కు పట్టాదారుదేనని కూడా రాస్తే ఆయన భయం తీరుతుంది. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. సాక్షిగా పిలిస్తే మీ ఉపదేశి గారు కాదనరు, మీ విచారణ గురువూ కాదనరు.