ఇంట్లో విశ్రాంతి ఎవరికి?



కుటుంబము, పని, విశ్రాంతి – ఈ మూడింటికీ సమతూకం ఉండాలని తరచు వింటుంటాము. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందం పరిశ్రమలలో 8 గంటల పనిదినాన్ని గురించినదే. ఫ్యాక్టరీకి ఆ లెక్క సరిపోతుంది. మరి మన కోసిగి ప్రాంతపు ఇళ్లకు?

సుగ్గికి పోయే కుటుంబాన్ని చూడండి. ఇక్కడ వానచేలలో పని ముగియగానే పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళతారు. ఇంటి దగ్గర ముసలివారు మిగులుతారు. పిల్లలు వెంట వెళితే బడి పోతుంది. ఉండిపోతే అమ్మానాన్నలు దూరమవుతారు. ఎంత కోస్తే అంత కూలి అయినచోట, ఒక పూట విశ్రాంతి అంటే ఆ పూట కూలి పోయినట్లే.

ఎమ్మిగనూరు చేనేత ఇల్లు వేరు. అందరూ ఒక్కచోటనే ఉంటారు, మగ్గమూ ఇంట్లోనే ఉంటుంది. కాని పని ముగించి ఇంటికి వచ్చే వేళ అంటూ ఉండదు. నేసేవారి వెనుక కండెలు చుట్టే చేతులకు వేరే కూలి లేదు.

ఈ రెండు ఇళ్లలోనూ ఎక్కువ బరువు మోసేది స్త్రీయే. ఉద్యోగం చేసి వచ్చిన స్త్రీ మళ్లీ ఇంట్లో చేసే చాకిరిని అమెరికా సామాజికవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో ‘రెండవ షిఫ్టు’ అన్నారు. చేను నుండి వచ్చి పొయ్యి వెలిగించే మన ఆడవారికి ఇది తెలియని సంగతి కాదు. మగవారు అరుగు మీద కూర్చునే వేళకే ఆమెకు ఆ షిఫ్టు మొదలవుతుంది.

విశ్రాంతి యజమాని దయ కాదు, శ్రామికుని హక్కు అని జగద్గురువులు 13వ లియో 1891లోనే తమ విశ్వలేఖలో బోధించారు. కుటుంబ పోషణకు చాలినంత వేతనం న్యాయమని 1981లో రెండవ జాన్ పాల్ గుర్తుచేశారు. నిర్గమకాండము 20వ అధ్యాయములో విశ్రాంతి దినము ఇంటి యజమానికి మాత్రమే కాదు. కుమార్తెకు, దాసికి, పరదేశికి, పశువుకు కూడా. అంటే ఒకరి చాకిరి మీద మరొకరు తీసుకొనే విశ్రాంతి సమతూకం కాదు.

కుటుంబములో చర్చించుకొనండి:

1. మన ఇంట్లో అందరికన్నా ముందు లేచేదెవరు? చివరకు పడుకొనేదెవరు?
2. వారి పనులలో ఏ ఒక్కటి ఈ ఆదివారం నుండి మరొకరు అందుకోగలరు?
3. సుగ్గికి బయలుదేరక ముందే వారానికొక పూట సెలవు గురించి అందరూ కలిసి మేస్త్రీతో మాట్లాడగలరా? పిల్లల చదువుకు ఏర్పాటు ఏమిటి?

మూడవది ఒక్క ఇంటి వల్ల అయ్యేది కాదు. నాలుగు ఇళ్లు కలిసి అడగండి.