కబురు రాగానే మొక్కలు అమ్మేయకండి

మీ నర్సరీలోని మొక్కల మీద ఏదైనా చెడ్డ వార్త వచ్చిందంటే ఆ పూటే దళారీ ఫోన్ చేస్తాడు: "ఇక దీన్ని ఎవరూ కొనరు, సగానికి ఇచ్చెయ్యి." ఆ రోజు మాత్రం మాట ఇవ్వొద్దు. ముందు ఒక్కటి తేల్చుకోండి. వచ్చింది భయమా, ఉత్తర్వా?

కోనోకార్పస్ సంగతి చూడండి. త్వరగా ఎదిగి ఏడాదంతా పచ్చగా ఉంటుందని రోడ్ల డివైడర్లకు, లేఅవుట్లకు తెగ కొన్నారు. తర్వాత అది ఆక్సిజన్ పీల్చేస్తుందని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. అది శుద్ధ అబద్ధం. పుప్పొడితో ఎలర్జీ, వేర్లతో పైపులకు, కేబుళ్లకు నష్టం అన్న అభ్యంతరాలు మాత్రం అటవీ శాఖల నుంచే వచ్చాయి. 2023 సెప్టెంబరులో గుజరాత్ నిషేధించింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 వన మహోత్సవం వేళ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఈ మొక్క నాటొద్దని కోరారు. 2025లో తమిళనాడు కూడా నిషేధించింది. వీడియో అబద్ధమే అయినా గిరాకీ మాత్రం నిజంగానే పోయింది. పెద్ద ఎత్తున కొనే మున్సిపాలిటీలే వద్దంటే ఆ మొక్కకు ఇంకెక్కడి బేరం?

కోళ్ల బర్డ్ ఫ్లూ కథ వేరు, అక్కడ గిరాకీని తీసింది ఎక్కువగా భయమే. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు, తణుకు మండలం వేల్పూరు ప్రాంతాల కోళ్ల ఫారాల్లో వ్యాధి నిర్ధారణ అయింది. ఆంక్షలు ఆ ఫారాల చుట్టుపక్కలకే పెట్టారు. కానీ టీవీల హోరుకు ఎక్కడో దూరాన ఉన్న చికెన్ కొట్లు కూడా వెలవెలబోయాయి. బాగా ఉడికిస్తే ప్రమాదం లేదని అధికారులు చెప్పినా జనం వినలేదు. ఇలాంటి భయం కొన్ని వారాల్లో సద్దుమణుగుతుంది. ఆ వారాల్లో తెగనమ్ముకున్నవాడే నష్టపోతాడు.

కాబట్టి నిరుడు మీ దగ్గర లోడు ఎత్తిన ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లకు ఫోన్ చేసి, చెడ్డ వార్త వచ్చిన మొక్క ఈసారి వాళ్ల జాబితాలో ఉందో లేదో అడగండి. ఉద్యాన శాఖ కార్యాలయానికి వెళ్లి ఉత్తర్వు నంబరు, తేదీ కనుక్కోండి. ఉత్తర్వు నిజమైతే ఆశ వదులుకోండి, మొక్కను ఇంకా అట్టిపెట్టుకుంటే ఖర్చే. వేరు కవరు అడుగు రంధ్రం దాటి నేలలోకి దిగిందంటే మొక్కను ఎత్తేటప్పుడు దాన్ని కోయాలి, కోస్తే మొక్క వడలుతుంది. పెద్ద కవరులోకి మార్చాలంటే మట్టి, ఎరువు, కూలి మళ్లీ మొదటి నుంచీ. ఆ డబ్బు వేరే రకం మీద పెట్టండి.

గిరాకీని ఎగదోసే వార్తలతో ఇంకా జాగ్రత్త. శ్రీగంధం, అగర్‌వుడ్ వేస్తే కోట్లేనన్న వీడియో చూసి అప్పు చేసి నారు పోయకండి. మీ మొక్క అమ్మకానికి వచ్చేసరికి పక్క మడి వాడిదీ వస్తుంది, ధర పడిపోతుంది. అడ్వాన్సు చేతిలో పడిన ఆర్డరుకే పెంచండి.

నర్సరీల్లో కూలికి వెళ్లే వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: అంట్లు కట్టడం నేర్చుకోండి. ఏ ఒక్క మొక్క గిరాకీ పోయినా ఆ పనికి పిలుపు ఆగదు.

నర్సరీల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవారికి ఒక విన్నపం. ఉత్తర్వు ప్రతి కళ్లారా చూడకుండా ఏ మొక్క మీద వీడియోనూ ముందుకు పంపకండి.